కొమ్ముపిట్టకు ప్రసూతి సెలవు

గవ్వలదీవి చుట్టూ నేను రెండు వందల పద్నాలుగు మందికి ప్రకృతి యాత్రలు రాసిపెట్టాను. ఏ రేవులో దిగాలి, ఏ చెట్టు కింద ఎంతసేపు నిలబడాలి, ఏ మలుపు దగ్గర ఆశ్చర్యపోవాలి, అన్నీ నేనే నిర్ణయించాను. ఆ దీవిలో మాత్రం నేనెప్పుడూ కాలు పెట్టలేదు. లాంచీ ఎక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. అదొక కారణం. అంతకన్నా పెద్ద కారణం మా నిబంధనల్లో మూడోది. యాత్రా ప్రణాళిక రాసే ఉద్యోగి ఆ ప్రదేశాన్ని చూసి ఉండరాదు. చూసినవాడికి కొన్ని చోట్లు నచ్చుతాయి, కొన్ని నచ్చవు, దాంతో నిష్పాక్షికత దెబ్బతింటుంది.

ఆ నిబంధన రాసింది నేనే.

మాది ద్వీప ప్రకృతి దర్శన సంస్థ. సముద్రం ఒడ్డున ఉన్న మా పట్నంలో పాత ఉప్పు గిడ్డంగి మేడ మీద ఉంటుంది. కిటికీ తెరిస్తే దీవి కనిపిస్తుందంటారు. కిటికీకి అడ్డంగా బీరువా ఉంది. ఆ బీరువా పక్కన కూర్చునే సూపరింటెండెంటు ఆరిపాక గవరయ్యను నేనే.

ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు పేరంటూ వచ్చింది కొర్రీల వల్ల. కొర్రీ అంటే తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే చెబుతాను. మీ దరఖాస్తులో ఫలానాది ఎందుకు లేదు, ఫలానాది ఎందుకు ఉంది అని అడుగుతూ కాగితాన్ని వెనక్కి పంపే ముక్కను కొర్రీ అంటారు. అందరూ నీలం సిరాతో రాస్తారు. నేను ఎర్ర పెన్నుతో రాస్తాను. తాలూకా ఆఫీసులో ఉన్నప్పుడు ఒక మరణ ధ్రువపత్రం దరఖాస్తు మీద ‘మరణించినవారి సంతకం జతపరచలేదు’ అని రాశాను. నెలరోజులపాటు అందులో తప్పేమిటో మా ఆఫీసులో ఎవరికీ తోచలేదు. ఆ ఇంటివాళ్లు కూడా ఏం చెయ్యాలా అని ఆలోచించారట. నాకున్న పట్టు అలాంటిది.

కిందటేడు మా డైరెక్టరు హయగ్రీవరావుగారు అధ్యయనం కోసం ఏదో దేశం వెళ్లొచ్చారు. అక్కడ ఒక దీవిలో ఏ మనిషికి ఏది ఇష్టమో అడిగి, ఆ ఇష్టానికి తగ్గట్టు అడవీ పిట్టలూ చూపిస్తారట. తిరిగొచ్చిన రోజునే మీటింగు పెట్టారు.

“ప్రకృతి ఇన్నాళ్లూ అసంఘటిత రంగంలో ఉండిపోయింది” అన్నారు. “ఏ పిట్ట ఎప్పుడు వాలుతుందో ఎవరి దగ్గరా షెడ్యూలు లేదు. ఏ తాబేలు ఏ ఒడ్డుకు ఎక్కుతుందో ముందస్తు సమాచారం లేదు. పర్యాటకుడి ఆకాంక్షకూ ప్రాణికోటి లభ్యతకూ మధ్య సమన్వయం కొరవడింది. ఆ సమన్వయాన్ని నూటికి నూరు శాతం సాధించడమే మన సంస్థ ధ్యేయం.”

నేను చప్పట్లు కొట్టాను. మొహమాటానికి కాదు, నిజంగానే నచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి.

పథకానికి ‘మీ కోరిక, మా ప్రణాళిక’ అని పేరు పెట్టారు. దరఖాస్తు ఫారం తయారుచేసే భాగ్యం నాకు దక్కింది. నలభై రెండు గడులు పెట్టాను. పదిహేడో గడిలో ఏ ప్రాణిని చూడదలిచారో రాయాలి, పద్దెనిమిదిలో ఎందుకో రాయాలి. పంతొమ్మిదిలో ఆ ప్రాణి తింటుండగానా, ఎగురుతుండగానా, నిద్రపోతుండగానా అన్నది తేల్చాలి. అక్కర్లేనివి కొట్టివేయాలి. ఇరవై మూడో గడి నాకు చాలా ఇష్టం. దరఖాస్తులో కోరని ప్రాణి ఏదైనా ఎదురైతే చూడనని అందులో హామీ ఇవ్వాలి.

మొసలి కోసం దరఖాస్తు పెట్టుకున్న తుని ప్లీడరుగారొకాయన లాంచీలోంచి డాల్ఫిన్ల గుంపును చూసేశారు. సంజాయిషీ అడిగాం. ‘అవే వచ్చి లాంచీ పక్కన గెంతాయి, నేను కళ్లు మూసుకునేలోపే నాలుగైదు కనబడిపోయాయి’ అని రాసిచ్చారు. మొదటి తప్పని హెచ్చరించి వదిలేశాం. మొసలి కనిపించిందా లేదా అని ఎవరూ అడగలేదు. మా మీద ఫిర్యాదులేవీ రాలేదు. ఫిర్యాదు ఫారం ఇంకా ప్రింటు కాలేదు.

అలా మా సంస్థ కీర్తి వెలిగిపోతున్న డిసెంబరు నెలలో ఒక పెద్దావిడ నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

నేత చీర, చేతిలో గుడ్డసంచి, మందపాటి కళ్లద్దాలు. పేరు ఇప్పిలి వరహాలమ్మ. జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కూర్చోమని నేను చెప్పకముందే కూర్చున్నారు. టీచర్లకు అది అలవాటే. బీరువాకు అంటించిన మా సంస్థ క్యాలెండరును ఒక కంటితో తేరిపార చూసి, “ఆ బొమ్మ కింద కొంగ అని వేశారు, అది కొంగ కాదు” అన్నారు.

నలభై రెండు గడులూ పొందికైన అక్షరాలతో నింపి తెచ్చారు. పదిహేడో గడిలో హార్న్‌బిల్ అని రాసి, ముక్కు మీద కొమ్ము ఉండే పక్షి అని వివరం ఇచ్చారు. పద్దెనిమిదో గడి చిన్నదని విడిగా కాగితం జతచేశారు.

“ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉండేదండీ ఈ పిట్ట” అన్నారు. “ఫిబ్రవరిలో ఆడపిట్ట చెట్టు తొర్రలోకి దూరి, లోపల్నించి గుమ్మం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. పిల్లలు పెద్దయ్యేదాకా మగపిట్టే పళ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. ముప్పై నాలుగేళ్లు ఏటా ఆ బొమ్మ బోర్డు మీద వేశాను. ఏటా ఎవడో ఒకడు లేచి, ‘మీరు చూశారా టీచర్?’ అని అడిగేవాడు. ‘చూస్తాన్రా’ అనేదాన్ని.”

“చూద్దురుగాని, తొందరేముంది?” అన్నాను. తొందరేముంది అన్న మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

“తొందరే” అన్నారావిడ. “నీటికాసులు. ఎడమకన్ను పోయింది. కుడికన్ను ఈ వేసవి దాటదని డాక్టరు చెప్పాడు. ఫిబ్రవరిలో ఒక్కరోజు పంపించండి చాలు. ఇంకేమీ చూపించక్కర్లేదు.”

నాకు జాలి కలిగింది. జాలి కలిగినప్పుడు నేను మరింత జాగ్రత్తగా కొర్రీలు రాస్తాను. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా!

మొదటి కొర్రీ: ‘సదరు పక్షికి కొమ్ము కలదని దరఖాస్తుదారు స్వయంగా పేర్కొన్నందున, అది పశుసంవర్ధక శాఖ పరిధిలోనికి వచ్చునో రాదో తేల్చుకోవలసియున్నది.’ దాని కిందే ఇంకో ముక్క రాశాను. ‘దర్శనార్థికి చూపు ఉన్నట్టు ధ్రువపత్రం జతపరచలేదు.’

చూపు ధ్రువపత్రాన్ని ఆవిడ వారంలో తెచ్చేశారు. కుడికన్ను పనిచేస్తోందని పెద్దాసుపత్రి ముద్రతో ఉంది. తీసుకుని ఫైల్లో గుచ్చాను. పశుసంవర్ధక శాఖ మాత్రం జనవరి ఆఖరుకు గాని తేల్చలేదు. ‘సదరు జీవి చెవికి మా శాఖవారి ట్యాగు లేదు, అసలు చెవే కనిపించడం లేదు, కావున మాకు సంబంధం లేదు’ అని జవాబిచ్చారు. చాలా సబబుగా అనిపించింది.

ఫిబ్రవరి వచ్చింది. దీవి నుంచి వాచరు మైలపిల్లి దానయ్య ఫోన్ చేశాడు. మా సంస్థ మొత్తానికి ఆ దీవిలో ఉండేది దానయ్య ఒక్కడే. పిట్టలకీ మాకూ మధ్య ఉన్న సమన్వయమంతా అతనే.

“బాబూ, కొమ్ముపిట్ట తొర్రలోకి ఎల్లిపోనాదండి. మట్టీ రెట్టా కలిపి గుమ్మం మూసీసినాది. ఆ టీచరమ్మని తోలుకొచ్చీండి మరి.”

అప్పుడే తోలుకెళ్లొచ్చు. లాంచీ ఉంది, దానయ్య ఉన్నాడు, పిట్ట ఉంది, ఆవిడ కన్ను ఉంది. కానీ దానయ్య మాట వినగానే నాకు రెండు సందేహాలొచ్చాయి. సర్కారువారి చెట్టుకు మట్టితో గుమ్మం కట్టడానికి అనుమతి ఎవరిచ్చారు? ఒక ఆడప్రాణిని నెలల తరబడి లోపల మూసి ఉంచుతుంటే, తెలిసి తెలిసి టూరిస్టులకు చూపించడం సంస్థకు మచ్చ కాదా?

రెండో కొర్రీ రాసి డైరెక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చదివి కుర్చీలో వెనక్కి వాలారు.

“గవరయ్యా, ఈ కోణం ఎవరికీ తట్టలేదయ్యా. మహిళా సంక్షేమం వాళ్లకు రాయి. నిర్బంధమా, స్వచ్ఛందమా అన్నది నిర్ధారణ కావాలి. అవసరమైతే మగపక్షికి కౌన్సెలింగ్ ఇప్పించు.”

ఉత్తరం వెళ్లింది. వాళ్లూ మనలాంటివాళ్లే. కౌన్సెలింగ్‌కు ఎలాంటి అభ్యంతరమూ లేదనీ, దీవికి రావడానికి వాహనం లేదు కాబట్టి స్థానిక సిబ్బందే ఇవ్వాలనీ జవాబిచ్చారు. స్థానిక సిబ్బంది అంటే దానయ్య. వారం తర్వాత ఫోన్లో నివేదిక ఇచ్చాడు.

“సెప్పినానండి. పెళ్లాన్ని అలాగ మూసీసి ఉంచకూడదని గట్టిగానే సెప్పినాను. నోట్లో జువ్విపండు ఎట్టుకుని అంతా ఇన్నాది. తలకాయి కూడా ఊపినాది. మళ్లీ పళ్లకి ఎల్లిపోనాది. గుమ్మం కట్టింది అది కాదు బాబూ, లోపలున్న ఆడదే కట్టుకున్నాది. టీచరమ్మ కాయితంలో రాసే ఉంటాది కదా!”

ఉంది. నేను చదవలేదు, ఆవిడ నోటితో చెప్పింది కూడా చెవికెక్కించుకోలేదు. జతపరిచిన కాగితాలు ఉన్నాయా లేవా అని చూస్తాను గాని, చదివే అలవాటు నాకు లేదు.

ఈ తతంగం ముగిసేసరికి మార్చి సగమైంది. వరహాలమ్మగారు మళ్లీ వచ్చారు. ఈసారి గోడ పట్టుకుని నడిచారు. స్టూలు కనబడక మోకాలికి తగిలించుకున్నారు. మోకాలు రాసుకుంటూ నవ్వి, “మీ స్టూలుకు ట్యాగు వెయ్యండి” అన్నారు. నేనూ నవ్వాను. ఆవిడ ఎందుకు తగిలించుకున్నారో నాకు తెలుసు. తెలిసి కూడా ఫైలు తెరిచి, “ఇంకొక్క చిన్న విషయం ఉందండీ” అన్నాను.

ఆ చిన్న విషయం డైరెక్టరుగారిది. నూటికి నూరు శాతం దర్శనం అన్నాం కాబట్టి పిట్ట ఏ గంటకు వస్తుందో ముందే తెలియాలన్నారు. హాజరు పట్టీ పెట్టించారు. పక్షుల పేర్లు ఎడమవైపు, తేదీలు పైన.

“అది ఆకలేత్తే వత్తాదండి. గంట కొడితే రాదు” అని దానయ్య మొత్తుకున్నాడు. “సంతకం ఎవులు ఎట్టాల?” అని కూడా అడిగాడు. పక్షి తరఫున వేలిముద్ర వెయ్యమన్నాం. పాపం, పదిహేను రోజులపాటు రోజుకు పదిహేడుసార్లు వేశాడు. మగపిట్ట అన్నిసార్లు పళ్లు తెచ్చింది. మా ఆఫీసులో ఒక్కడూ రోజుకు పదిహేడుసార్లు పని మీద కుర్చీలోంచి లేవడు.

పట్టీ చూసి డైరెక్టరుగారు కనుబొమలు ముడిచారు.

“మగపక్షి హాజరు తృప్తికరం. కానీ ఈ ఆడపక్షి పదిహేను రోజులుగా గైర్హాజరు. ఎటువంటి సమాచారమూ లేకుండా! దీని మీద క్రమశిక్షణా చర్య ఏమిటి?”

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ నిబంధన తెలిసినవాడికి నోరు ఆగదు.

“సార్, ఆవిడ తొర్రలో గుడ్లు పెట్టుకుని ఉంది. ప్రసూతి సెలవుగా పరిగణించవచ్చు.”

ఆయన నన్ను మెచ్చుకోలుగా చూశారు. “శభాష్! ఎన్నాళ్లు?”

“ఫిబ్రవరి నుంచి ఆరునెలలు సార్.”

“అంటే ఆగస్టు దాకా ఆవిడను డ్యూటీకి పిలవకూడదు.”

“కూడదు సార్.”

“టూరిస్టులకు కనిపించడం డ్యూటీయే కదా?”

“డ్యూటీయే సార్.”

అంతటితో వరహాలమ్మగారి దరఖాస్తు ఆగస్టుకు వెళ్లిపోయింది. ఆ పని చేసింది డైరెక్టరుగారు కాదు, నేను. ఆయనకు ప్రసూతి సెలవు తట్టేదే కాదు.

ఈ సంగతి టీచరుగారికి ఫోన్లో చెప్పాను. “మే నెలలో పిల్లలతో గూడు విడిచి వెళ్లిపోతుందండీ. ఆగస్టులో మీరు నాకు ఏం చూపిస్తారు? తొర్రా?” అన్నారు.

“సెలవు మధ్యలో విధుల్లో చేరాలంటే ఆ పక్షి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలండీ” అన్నాను. ఇది నేను అన్నమాటే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎంతో సానుభూతితో అన్నాను.

“ఆడపిట్ట మొత్తం వద్దు. ముక్కు కొన చాలు నాకు. ముక్కు కొనకు సెలవుందా?” అని ఫోన్ పెట్టేశారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. సెలవులో ఉన్న ఉద్యోగి కిటికీలోంచి చెయ్యి చాపి పక్కింటివాళ్లు ఇచ్చిన కూరగిన్నె అందుకుంటే డ్యూటీ చేసినట్టా? దీని మీద మూడు పేజీల నోట్ రాశాను. ఏప్రిల్ ఇరవైన డైరెక్టరుగారు సంతకం చేశారు. ముక్కు కొన వరకు దర్శనానికి అనుమతి వచ్చింది. యాత్రా ప్రణాళిక మొత్తం సిద్ధమైంది. ఉదయం ఏడింటికి లాంచీ, తొమ్మిదింటికి చెట్టు, తొమ్మిదీ పదికి ముక్కు కొన, తొమ్మిదీ పదిహేనుకు ఆనందం, పదింటికి తిరుగు ప్రయాణం.

ఫైలు చివరిసారి తిరగేస్తుంటే కనబడింది. చూపు ధ్రువపత్రం మూడు నెలలే చెల్లుతుంది. గడువు మార్చిలోనే తీరిపోయింది.

నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. మరెవరైనా అయితే చూసీచూడనట్టు పోయేవారు. నేను రాశాను.

నాలుగో రోజున వరహాలమ్మగారు పక్కింటావిడ భుజం పట్టుకుని వచ్చారు. స్టూలు ఎక్కడుందో చేత్తో తడిమి కూర్చున్నారు. కళ్లద్దాలు లేవు. గుడ్డసంచిలోంచి రెండు కాగితాలు తీశారు. ఒకటి నా కొర్రీ, ఇంకొకటి ఆసుపత్రివాళ్లు కొత్తగా ఇచ్చింది.

“నాకు కనబడ్డం లేదు నాయనా. నువ్వే చదివి పెట్టు” అన్నారు. అండీ అనడం ఆ రోజుతో మానేశారు.

చదివాను. ముందు నాది చదివాను. ‘దర్శనార్థి యొక్క చూపు ప్రస్తుతం చెల్లుబాటులో లేనందున తాజా ధ్రువపత్రం సమర్పించవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది.’ నా రాతను నేను పైకి చదవడం ముప్పై ఏళ్లలో అదే మొదలు. తర్వాత ఆసుపత్రివాళ్లది. కుడికన్ను: వెలుగు, నీడ మాత్రమే.

“అయితే మరి నన్ను పంపరన్నమాట” అన్నారావిడ. కోపం లేదు. పరీక్ష తప్పిన పిల్లవాడికి మార్కులు చెబుతున్నట్టు మామూలుగా అన్నారు. ఆ మామూలుతనం నేను భరించలేకపోయాను.

నేను మంచివాణ్ని కాబట్టి ఏదో చేశానని అనుకోకండి. ఆ క్షణంలో నాకు మనిషిలా ఆలోచించడం కూడా చేతకాలేదు. ‘టీచరుగారూ, పదండి, వెళ్దాం’ అని లేవచ్చు కదా! లేవలేదు. తెల్ల కాగితం తీసుకుని నోట్ రాశాను. ‘ఒక ఉద్యోగి సేవలను మరొక కార్యాలయానికి డెప్యుటేషన్ మీద పంపునట్లే, చూపు ఉన్న వ్యక్తి యొక్క చూపును చూపు లేని దర్శనార్థికి ఒకరోజు డెప్యుటేషన్ మీద ఇవ్వవచ్చునని భావించడమైనది.’

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నాకు చెయ్యి ఇచ్చారు.

“అమోఘం! సమ్మిళిత ప్రకృతి దర్శనం! దేశంలోనే ఇది ప్రథమం అవుతుందయ్యా. కానీ ఎవరి చూపు ఇస్తాం?”

“ఎవరో ఒకరు సార్.”

“ఎవరో ఎందుకు? నోట్ నువ్వు రాశావు, నువ్వే వెళ్లు. మూడో నిబంధన ఒకరోజు సడలిస్తున్నాను.”

ఏప్రిల్ ముప్పైన లాంచీ ఎక్కాం. రేవు దాటగానే నా కడుపు తిరగబడింది. ప్రణాళికలో ‘ఏడూ నలభైకి సముద్రపు గాలిని ఆస్వాదించుట’ అని నేనే రాశాను. ఏడూ నలభైకి లాంచీ అంచు పట్టుకుని పొద్దున తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి అప్పజెప్పాను. వెనకనుంచి ఒక చెయ్యి తడుముకుంటూ వచ్చి నా వీపు నిమిరింది. “దూరంగా ఒకచోట చూపు నిలుపు నాయనా, తగ్గుతుంది” అన్నారు టీచరుగారు. చూశాను. దీవి కనిపించింది. పచ్చగా ఉంది. మా క్యాలెండర్లో ఉన్నట్టు లేదు.

రేవులో దానయ్య హాజరు పట్టీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. టీచరుగారికి తన కర్ర ఒక కొస ఇచ్చి ముందు నడిచాడు. ఎత్తైన చెట్ల మధ్య అరగంట నడిచాక ఒక లావుపాటి మాను దగ్గర ఆగి, “ఇదేనండి” అన్నాడు. నేలమీద కూర్చున్నాం. ఇద్దరు మనుషుల ఎత్తున మాను మీద మట్టి అలికిన మచ్చ ఉంది. అందులో నా వేలు పట్టేంత చీలిక.

తొమ్మిదీ పది అయింది. పిట్ట రాలేదు. తొమ్మిదీ పదిహేను. నేను గడియారం చూస్తున్నాను. “బాబూ, దానికి ఆ కాయితం నాను సూపించలేదండి” అన్నాడు దానయ్య.

పది దాటాక టీచరుగారు తల పైకెత్తారు. “వస్తోంది” అన్నారు. నాకేమీ వినబడలేదు. తర్వాత వినిపించింది, ఎవరో మేడ మీద చాప దులుపుతున్నట్టు పెద్ద చప్పుడు. ఆ చప్పుడుతో పిట్ట వచ్చి మాను మీద వాలింది.

“చెప్పు” అన్నారు.

“సదరు పక్షి కొమ్మపై ఆసీనమై...”

“సదరు అంటే నాకెలా కనిపిస్తుంది నాయనా? ఎలా ఉందో చెప్పు.”

ఎలా ఉందో చెప్పడం నాకు రాదు. ఏది లేదో చెప్పడమే వచ్చు. అయినా చూశాను. “నల్లగా ఉంది. మెడ ఇటుకరంగు. ముక్కు చాలా పెద్దదండీ, మనిషి మోచెయ్యిలా వంగి ఉంది. దానిమీద బుడిపె. బుడిపె మీద మడతలు.”

“గొంతులోంచి పళ్లు తీస్తోందా?”

“తీస్తోంది. ఒకటి తీసింది. ఎర్రటి పండు. సందులో పెట్టింది. లోపల్నించి...” వేలెత్తి చూపించాను. “ముక్కు కొన వచ్చింది టీచరుగారూ! లోపల్నించి వచ్చి అందుకుంది! మళ్లీ ఇంకో పండు తీస్తోంది. ఎక్కడ దాచుకుందో ఏమో, తీస్తూనే ఉంది! ఆరు, ఏడు... అదిగో మళ్లీ ముక్కు కొన!”

నేను అరుస్తున్నానని నాకు తర్వాతగాని తెలియలేదు. దానయ్య నా మోకాలు నొక్కాడు. రెండు వందల పద్నాలుగు మందికి దర్శనాలు రాసినవాణ్ని, పిట్టను చూడటం అదే మొదటిసారి.

టీచరుగారు చెట్టువైపు కాకుండా నావైపు మొహం పెట్టి వింటున్నారు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

“కన్ను ఏ రంగు నాయనా? మా పుస్తకంలో బొమ్మ నలుపూ తెలుపే.”

“ఎరుపండీ. మంచి ఎరుపు.”

“ఎరుపా!” అన్నారు. తర్వాత, “ఫిబ్రవరిలో అయితే నేనే చూసుందును” అన్నారు.

కొర్రీకి జవాబు ఇవ్వడానికి మేము జనానికి పదిహేను రోజులు గడువిస్తాం. నాకు పదిహేనేళ్లు ఇచ్చినా ఆ మాటకు జవాబు దొరకదు.

పిట్ట వెళ్లిపోయాక ఫారం తియ్యాల్సి వచ్చింది. నలభై ఒకటో గడిలో దర్శనార్థి తాను చూసినదాన్ని స్వహస్తంతో వివరించాలి. నేను రాసి పెడతానన్నాను. ఆవిడ వద్దని, కాగితం ఒళ్లో పెట్టించుకుని పెన్ను అడిగారు. మాటలు రాయలేదు. బొమ్మ వెయ్యడం మొదలుపెట్టారు. ముప్పై నాలుగేళ్లు బోర్డు మీద వేసిన చెయ్యి అది, కళ్లతో పనిలేకుండా పోయింది. మాను వచ్చింది, తొర్ర వచ్చింది, చీలిక వచ్చింది, అందులోంచి ముక్కు కొన వచ్చింది. మగపిట్ట వచ్చింది. ముక్కు మీద బుడిపె కూడా వచ్చింది. తలలో కన్ను చోటు ఖాళీగా ఉంచి ఆగారు.

“ఎర్ర పెన్ను ఉందా నీ దగ్గర?”

జేబులో ఉంది. ఎప్పుడూ ఉంటుంది. తీసిచ్చాను.

ఎడమచేత్తో కాగితం మీద తలెక్కడుందో తడుముకున్నారు. గీతలు చేతికి తగలవు కదా! చాలాసేపు తడిమి, ఊపిరి బిగబట్టి, ఒక చుక్క పెట్టారు.

“సరిగ్గా పడిందా నాయనా?”

చూశాను. చుక్క తలకు అంగుళం అవతల, ఉత్త కాగితం మీద పడింది.

“సరిగ్గా పడిందమ్మా” అన్నాను. కాగితం తీసుకుని, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా సంతకం చేశాను.